బడిలో మీ పిల్లల్ని కొట్టినా, ఏడిపించినా, పంపించేస్తామన్నా: ముందు కాగితం, తర్వాతే గొడవ

మా వాడు ఏడో తరగతిలో ఉండగా స్కూలు బస్సులో ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ వాడి టిఫిన్ డబ్బా లాక్కునేవారట. బ్యాగు కిటికీలోంచి వేలాడదీసి పడేస్తాం పడేస్తాం అని బెదిరించేవారట, ఒకరోజు మా విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సిగ్నల్లో బస్సు ఆగినప్పుడు నిజంగానే పడేశారు. నాకు తెలిసేసరికి రెండు నెలలైంది. తెలిసిన మర్నాడు నేను చేసిన పని ఏమిటంటే, తిన్నగా స్కూలుకెళ్లి ఆఫీసు రూములో అరిచాను. ప్రిన్సిపాల్ మంచినీళ్లిప్పించి, "పిల్లలన్నాక ఇలాంటివి ఉంటాయమ్మా, నేను చూసుకుంటాను కదా" అని పంపించేశారు. పది రోజులకు మళ్లీ వెళ్లి బస్సు కెమెరా రికార్డింగ్ అడిగితే, అది ఎప్పటికప్పుడు చెరిగిపోతుందన్నారు. నేను మొదటిసారి వచ్చి చెప్పినట్టు ఎక్కడా ఒక్క ముక్క లేదు. అరుపుకు రసీదు ఉండదు కదా.

మూడో వారంలో మా వాడు తిరగబడి ఒకణ్ని కొట్టాడు. అప్పుడు మాత్రం స్కూలు వాళ్లు కాగితం మీదే రాసి పంపించారు, వారం రోజులు సస్పెన్షన్ అని, కింద ముద్రతో సహా. అంటే కాగితం విలువ వాళ్లకు తెలుసు, తెలియనిది నాకే.

నేను లాయర్ని కాను. ఆ నోటీసు పట్టుకుని మా తోటికోడలి తమ్ముడి దగ్గరికి వెళ్లాను, అతను ఇక్కడి జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు, అతను చెప్పినవీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ, ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నవీ కలిపి రాస్తున్నాను. పెద్ద కేసైతే లాయర్నే కలవండి. కానీ లాయరు దగ్గరికి వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది ఎవరికి వారే చేసుకోగలిగినది.

మొదటి రెండు రోజుల్లో

పిల్లాడు చెప్పింది చెప్పినట్టు ఒక నోటు పుస్తకంలో రాయండి. తేదీ, టైము, చోటు, ఎవరు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. వాడి మాటల్లోనే రాయండి, మీ కోపం కలపొద్దు. ఒకేసారి పది ప్రశ్నలు వేసి, "అప్పుడు నువ్వేం చేశావ్, ఎందుకు చెప్పలేదు" అని నిలదీస్తే వాడు రెండోసారి నోరు విప్పడు, ఇది నేను చేసిన తప్పే.

దెబ్బ ఉంటే ఫొటో తీయండి, ఆ రోజే, వెలుతురులో, వాచిపోయిన చోట దగ్గరగా ఒకటి, ముఖం కనిపించేలా ఒకటి. చిరిగిన చొక్కా ఉతకొద్దు. వాట్సాప్ మెసేజీలుంటే స్క్రీన్‌షాట్లు తీసి, అసలు మెసేజీ కూడా చెరిపేయకుండా ఉంచండి. దెబ్బ కాస్త గట్టిదైతే ఇంటిపక్క మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ కొని ఊరుకోకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, కేజీహెచ్ అయినా సరే, మీకు దగ్గర్లో ఉన్నదైనా సరే. "బడిలో కొట్టారు" అని డాక్టరుతో చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు సమాచారం వెళ్లే కేసుగా రాయమనండి. చాలామంది భయపడి "మెట్ల మీద పడ్డాడు" అని చెబుతారు, ఆ ఒక్క మాట ఓపీ చీటీలో ఎక్కిందంటే తర్వాత దాన్ని మార్చుకోవడం మీ తరం కాదు.

ఇక ఉత్తరం. ఒక పేజీ చాలు. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులో రాస్తేనే విలువ అనుకోవడం మన భ్రమ. నేను రాసిన మొదటి ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

"ప్రిన్సిపాల్ గారికి. మా అబ్బాయి (పేరు, తరగతి, సెక్షన్) ఫలానా తేదీ ఉదయం 7.50కి మీ స్కూలు బస్సులో వస్తుండగా ఇద్దరు విద్యార్థులు అతని బ్యాగు లాక్కుని బయటికి విసిరేశారు. అంతకుముందు కూడా ఫలానా ఫలానా తేదీల్లో ఇలాగే జరిగింది. ఆ సమయంలో బస్సులో ఆయా, డ్రైవరు ఉన్నారు. ఈ విషయం ఫలానా తేదీన మీకు నోటిమాటగా చెప్పాను. దయచేసి ఒకటి, ఆ తేదీల కెమెరా రికార్డింగ్ చెరిగిపోకుండా భద్రపరచండి. రెండు, విచారణ జరిపి ఏం చేశారో ఏడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. మూడు, విచారణ అయ్యేవరకు మా అబ్బాయికి బస్సులో వేరే సీటు, పెద్దవాళ్లు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు చేయండి."

చూశారుగా, ఇందులో "నీ సంగతి తేలుస్తాను", "పేపర్లో వేయిస్తాను", "టీవీ వాళ్లను పిలుస్తాను" లాంటివి లేవు. ఉన్నవి జరిగినదీ, మీరు అడిగేవీ. కెమెరా గురించి అడగడం మాత్రం మర్చిపోవద్దు, చాలా చోట్ల పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతూ ఉంటుంది, మనం రాసి అడిగాక కూడా చెరిగిపోయిందంటే ఆ జవాబు వాళ్లకే చుట్టుకుంటుంది.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద "అందినది" అని ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. వేస్తారా? చాలాసార్లు వేయరు. "కరస్పాండెంట్ గారు లేరు, పెట్టి వెళ్లండి" అంటారు. అప్పుడు వాదన పెట్టుకోకుండా బయటికొచ్చి పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసేయండి, 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. దానితోపాటు స్కూలు ఈమెయిల్‌కు ఫొటో తీసి పంపండి. ఆ రసీదు ఉత్తరం కాపీకి పిన్ను కొట్టి దాచండి. ఇక మీదట ఏ ఆఫీసుకు వెళ్లినా మొదట అడిగేది "స్కూలుకు రాశారా" అనే, మీరు చూపించేది ఇదే.

సారు కొడితే

మన దగ్గర ఒక మాటుంది, పిల్లాణ్ని బడిలో చేర్పించేటప్పుడు తండ్రులే అంటారు, "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్" అని. మా నాన్న కూడా అన్నాడు, నేను పక్కనే నిలబడి విన్నాను. కోదండం వేయించడం, తొడపాశం పెట్టడం, గోడకుర్చీ వేయించడం, ఇవన్నీ మనం పడి వచ్చినవే కాబట్టి మనకు నేరంలా అనిపించవు. కానీ ఆ మాటకు ఇప్పుడు చట్టం దగ్గర చెల్లుబాటు లేదు. తండ్రి ఒప్పుకున్నా సరే, సారు కొట్టకూడదు.

మన రాష్ట్రంలో ఇది కొత్తది కూడా కాదు. 1966 నాటి విద్యా నియమాల్లో కొట్టడానికి చోటుండేది. 2002 ఫిబ్రవరి 18న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 16 ఇచ్చి, ఆ నియమాల్లో 122వ దాన్ని సవరించి, అన్ని విద్యాసంస్థల్లో దండనను నిషేధించింది. అంటే దేశమంతటికీ విద్యాహక్కు చట్టం రాకముందే మన దగ్గర నిషేధం ఉంది. ఆ తర్వాత 2009 విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ చెప్పేది రెండే రెండు విషయాలు: ఏ పిల్లనూ శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు; అలా చేసినవారి మీద సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలి.

మానసికంగా అంటే ఏమిటి అని అడుగుతారు. జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల్లో దీన్ని విడమరిచి రాశారు. కులం పేరుతో, తల్లిదండ్రులు చేసే పని పేరుతో ఎగతాళి చేయడం, మార్కులు తక్కువొచ్చాయని నలుగురిలో పరువు తీయడం, మొద్దు లాంటి పేర్లు పెట్టి పిలవడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. బెంచీ ఎక్కించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, గోడకుర్చీ, నెత్తిన బ్యాగు పెట్టి నిలబెట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం శారీరక దండన కిందికి వస్తాయి. ఫీజు కట్టలేదని పిల్లను క్లాసు బయట నిలబెట్టి అందరికీ చూపించడం కూడా నా దృష్టిలో ఇదే, మీ ఉత్తరంలో ఆ మాటే రాయండి, "మానసిక వేధింపు" అని.

ఒక మెలిక ఉంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి దాకా. పైగా మైనారిటీ సంస్థల బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది, విశాఖలో మిషనరీ స్కూళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. అలాంటి చోట, తొమ్మిది పది తరగతుల వారికి కూడా, పట్టుకోవాల్సినవి జీవో 16, ఇంకా 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 75వ సెక్షన్. పద్దెనిమిదేళ్లలోపు ఎవరైనా పిల్లలే అంటుంది ఆ చట్టం. పిల్లలు తన చేతి కింద ఉన్నప్పుడు వాళ్లను కొట్టి, వేధించి, అనవసరమైన బాధ పెట్టినవారికి మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారే ఆ పని చేస్తే అయిదేళ్ల వరకు, జరిమానా అయిదు లక్షల వరకు ఉంది. ప్రతి చిన్న దెబ్బకూ ఇది కోర్టులో నిలబడుతుందని ఆశ పెట్టుకోకండి, ఎంత కొట్టారు, ఎందుకు, ఎలా అన్నవన్నీ చూస్తారు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఏమవుతుందో కూడా నిజం చెప్పాలి. మామూలు దెబ్బ భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 115(2) కిందికి వస్తుంది, ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ, కానీ మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దాన్ని దర్యాప్తు చేయలేరు. కాబట్టి "ఇది ఎఫ్ఐఆర్ కట్టే కేసు కాదమ్మా" అన్నారంటే ప్రతిసారీ వాళ్లు మిమ్మల్ని తిప్పేస్తున్నారని కాదు. అయితే ఏమీ రాయకుండా పంపేయడానికి కూడా లేదు, రిజిస్టరులో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని చెప్పాలి, ఆ నమోదు నంబరు అడిగి తీసుకోండి. అదే ఎముక విరిగినా, పన్ను ఊడినా, చెవి శాశ్వతంగా వినపడకుండా పోయినా, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా అది తీవ్ర గాయం, 117వ సెక్షన్, అక్కడ ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. చెంపదెబ్బలకు కర్ణభేరి పోయిన పిల్లలుంటారు, చెవిలో హోరు అంటే తేలిగ్గా తీసుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

తోటి పిల్లలు ఏడిపిస్తే

ఇక్కడే స్కూళ్లు ఎక్కువగా తప్పించుకుంటాయి. "పిల్లలు పిల్లలు చూసుకుంటారు", "మీ వాడే కాస్త మెత్తన". మెత్తగా ఉండటం నేరమా?

మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. ర్యాగింగ్ అంటే మెడికల్ కాలేజీలకు సంబంధించిన మాట అనుకుంటారు, కానీ ఆ చట్టంలో విద్యాసంస్థ అంటే కాలేజీ ఒక్కటే కాదు, ఏ పేరుతో పిలిచినా చదువు చెప్పే సంస్థ, దానికి చేరి ఉన్న హాస్టల్, ట్యుటోరియల్ కూడా. విద్యార్థికి అవమానం, భయం, బెదిరింపు, గాయం కలిగించే పని ఏదైనా ర్యాగింగే. ఏడిపించి అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు, అక్కడి నుంచి నేరాన్ని బట్టి పెరుగుతుంది. నాకు బాగా పనికొచ్చింది ఇంకో ముక్క: ఫిర్యాదు ఇచ్చాక కూడా సంస్థ అధిపతి చర్య తీసుకోకుండా ఊరుకుంటే, ఆయన ఆ నేరాన్ని ప్రోత్సహించినట్టే లెక్క. రెండో ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం మర్యాదగా రాశాను. మూడు రోజుల్లో ఫోన్ వచ్చింది. మొదటిసారి అరిచినప్పుడు రాని ఫోను.

సీబీఎస్ఈ స్కూలైతే, బుల్లీయింగ్‌ను అరికట్టే కమిటీ ఉండాలని బోర్డు 2015లోనే సర్క్యులర్ పంపింది. "ఆ కమిటీలో ఎవరెవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు" అని అడిగి చూడండి.

ఇక విశాఖ వాళ్లందరికీ తెలిసి ఉండాల్సిన తీర్పు ఒకటుంది, ఎందుకంటే అది మన ఊళ్లో పోయిన పిల్ల కేసులోనే వచ్చింది. 2023లో ఇక్కడ హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్ల, చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న కోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి ఇవ్వడంతోపాటు దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు పైగా పిల్లలున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరు వేరు బ్యాచులుగా విడదీయడం, నలుగురిలో సిగ్గుపడేలా చేయడం మానుకోవాలి. ర్యాగింగ్, బుల్లీయింగ్, వేధింపుల మీద గుట్టుగా ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండాలి, ఫిర్యాదు చేసినవారి మీద కక్ష తీర్చుకుంటే సహించకూడదు. టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను) లాంటి సహాయ నంబర్లు క్లాసుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనిపించాలి. చట్టం వచ్చేదాకా ఇవే కట్టుబడి ఉండాల్సినవని కోర్టు చెప్పింది.

కార్పొరేట్ ఇంటర్ కాలేజీలున్న ఏ వీధికైనా వెళ్లి, మార్కుల వారీగా సెక్షన్లు లేని క్యాంపస్ ఒక్కటి చూపించండి చూద్దాం. అందుకే మీ పిల్ల అలాంటి చోట ఉంటే ఆ తీర్పు తేదీ రాసి పెట్టుకుని, "మీ కౌన్సెలర్ పేరేమిటి, ఏ రోజుల్లో ఉంటారు" అని డీన్‌ను ఒక్క ఈమెయిల్‌తో అడగండి. జవాబు రాకపోయినా మీ ప్రశ్న మాత్రం రికార్డులో ఉంటుంది. పిల్ల మాటల్లో చచ్చిపోతాను అన్న ధ్వని ఒక్కసారి వినిపించినా ఈ ఉత్తరాలన్నీ పక్కన పడేసి ముందు పిల్లను ఇంటికి తీసుకొచ్చేయండి, 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మీ పిల్లాడి మీదే ఫిర్యాదు వస్తే

మాకు ఇది కూడా అయింది కదా. తల్లిగా నాకు మొదట అనిపించింది, మా వాడు కొట్టడమా, అబద్ధం అని. కొట్టాడు. ఒప్పుకున్నాడు కూడా. అయినా వాడికీ హక్కులుంటాయి, ఇది చాలామందికి మింగుడు పడదు.

ఒకటి, ఆరోపణ ఏమిటో రాతలో చెప్పాలి, పిల్లాడి మాట, మీ మాట విన్నాకే శిక్ష వేయాలి. సహజ న్యాయం అంటే ఇదే, కోర్టులు మొదట చూసేదీ ఇదే. మా వాడి నోటీసులో "క్రమశిక్షణారాహిత్యం" అని ఒక్క ముక్క ఉంది, ఎప్పుడు, ఎవర్ని, ఎందుకు అన్నది లేదు. అది అడుగుతూ జవాబు రాశాను, దానితోపాటు రెండు నెలల బస్సు గొడవ తేదీలతో సహా జత చేశాను. పిల్లల్ని కూర్చోబెట్టి "నాదే తప్పు, ఇకపై ఇలా చేస్తే టీసీ ఇచ్చినా అభ్యంతరం లేదు" అని రాయించుకుంటారు చూడండి, ఆ కాగితం విషయంలో జాగ్రత్త. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి, "అమ్మా నాన్నా వచ్చాక సంతకం పెడతాను సార్" అనమని. అప్పటికే పెట్టేసి ఉంటే, ఎలాంటి పరిస్థితిలో పెట్టించారో మర్నాడే రాసి పంపండి.

రెండు, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి పంపించేయకూడదు, విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్. 2019 సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసి అదే క్లాసులో ఉంచడానికి రాష్ట్రాలకు వీలు వచ్చింది గానీ, బయటికి పంపే వీలు రాలేదు. స్కూళ్లు దీన్ని ఎలా దాటుతాయంటే, "పంపించేస్తున్నాం" అని రాయవు, "మీరే టీసీ కోసం అర్జీ పెట్టుకోండి, పిల్లాడి భవిష్యత్తు కోసం" అంటాయి. ఆ అర్జీ మీరు రాశారంటే మీరే వెళ్లిపోయినట్టు. ఇష్టం లేకపోతే రాయకండి, అంతే. ఇష్టపడి మారదలుచుకుంటే మాత్రం టీసీ ఆలస్యం చేసే హెడ్మాస్టరు మీద చర్య ఉంటుందని అదే చట్టం 5వ సెక్షన్ చెబుతుంది, టీసీ రాలేదన్న కారణంతో ప్రభుత్వ బడి గానీ ఎయిడెడ్ బడి గానీ చేర్చుకోనని అనకూడదు కూడా.

మూడు, విషయం పోలీసుల దాకా పోతే. పద్దెనిమిదేళ్లలోపు వాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్లు వేయకూడదు, యూనిఫాంలో వచ్చి ప్రశ్నించకూడదు, తల్లిదండ్రులకు చెప్పాలి, అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. 2016 కేంద్ర నమూనా నియమాల ప్రకారం, కనీస శిక్షే ఏడేళ్లు ఉన్న ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసినదైతేనో తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదు, డైరీలో రాసుకుని బోర్డుకు నివేదిక పంపాలి. కాబట్టి "నీ కొడుకు మీద కేసు పెట్టిస్తాం, జీవితం పోతుంది" అని అవతలి తల్లిదండ్రులు బెదిరిస్తే కంగారుపడి డబ్బులకో రాజీకో దిగిపోకండి. మీరు కూడా అవతలి పిల్లల్ని అలా బెదిరించకండి, వాళ్ల ఫొటోలు, పేర్లు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74 కింద నేరం, ఎంత కోపమున్నా.

ఉత్తరాలు పక్కన పెట్టి పరుగెత్తాల్సినవి

లైంగికంగా తాకారన్న అనుమానం ఉంటే స్కూలుతో మాట్లాడి విచారణ చేయిస్తామని కూర్చోవద్దు, పోక్సో చట్టం కింద నేరుగా పోలీసులకు చెప్పాలి. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం, దాచిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే, పిల్లకు ఇబ్బంది లేని చోటే తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ, యూనిఫాం లేకుండా రావాలి, రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. కులం పేరుతో నలుగురిలో దూషించినది పెద్దవాళ్లయితే, పిల్ల ఎస్సీ లేదా ఎస్టీ అయితే, 1989 అట్రాసిటీ చట్టం ఉంది, దర్యాప్తు డీఎస్పీ హోదా అధికారి చేయాలి, మన సిటీలో అంటే ఏసీపీ. ఆపదలో ఎవరైనా, పిల్లలే స్వయంగా అయినా, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయొచ్చు.

ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు

స్కూలు జవాబివ్వకపోతే మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి అర్జీ. ఇక్కడ చాలామంది ఒక రోజు పోగొట్టుకుంటారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక సబ్బవరం, పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి, ఆ స్కూళ్లకు డీఈఓ అనకాపల్లిలో. మీ ఇల్లు ఎక్కడన్నది కాదు, స్కూలు ఎక్కడుందో అదే లెక్క. ఇంటర్ కాలేజీ అయితే డీఈఓ కాదు, ఇంటర్ బోర్డు జిల్లా అధికారి. విద్యాహక్కు చట్టం కింద రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలని 32వ సెక్షన్, అక్కడ న్యాయం జరగలేదనుకుంటే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు రాయొచ్చు. కదలిక లేకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి, "ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారు, ఫైలు నోటు కాపీ ఇవ్వండి" అని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నా అనుభవంలో దుమ్ము పట్టిన ఫైలును కదిపేది ఇదే.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్లకు: ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 న్యాయసేవల చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు దగ్గర జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పిల్లాడి తరఫున అర్జీ తల్లి పేరుతో పెడితే సరి.

కలెక్టరేట్లో సోమవారం అర్జీల రోజు. కేజీహెచ్ డౌన్ బస్టాపులో దిగి నడిచిపోవచ్చు. పొద్దున్నే వెళ్లండి, వరస పెరిగిపోతుంది. అర్జీ, స్కూలుకు రాసిన ఉత్తరం, స్పీడ్ పోస్టు రసీదు, ఓపీ చీటీ, ఫొటోల ప్రింట్లు, అన్నీ రెండు సెట్లు, ఆధార్ జెరాక్సు, మీ ఫోన్ నంబరు. నంబరు వేసిన రసీదు చేతికిచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి. పిల్లాణ్ని వెంట తీసుకెళ్లకండి, ఆ రోజు వాణ్ని బడికి పంపండి. మా వాడు ఆ సోమవారం బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని వెళ్లాడు, ఉత్తరంలో మూడో అంశంగా నేను అడిగిన సీటు.